పొయ్యి వెలగని రోజుల తిండి

తుపాను తీరం దాటిన మర్నాడు చాలా ఇళ్ళలో బియ్యం ఉంటాయి, పప్పు ఉంటుంది, ఉప్పూ చింతపండూ ఉంటాయి. వండుకునే దారే ఉండదు. కరెంటు పోతుంది. మోటారు తిరగదు కనుక కుళాయిలో నీళ్ళు రావు. వరద వీధిలోకి వచ్చిందంటే గ్యాస్ బండ ఉన్నా స్టవ్ దగ్గర నిలబడే చోటుండదు. ఇంటినిండా సరుకులున్నా పస్తులుండాల్సిన ఆ రెండు మూడు రోజుల కోసమే లోకంలో ఒక ప్రత్యేకమైన తిండి తయారవుతోంది. చింపి తినే ప్యాకెట్లు, వేడినీళ్ళు పోస్తే అన్నమయ్యే పలుకులు, పలకల్లా గట్టిగా ఉండే బిస్కెట్లు. సైనికుల కోసం పుట్టిన ఈ తిండి ఇవాళ ట్రెక్కింగ్ సంచుల్లోకీ, సూపర్ మార్కెట్ అరల్లోకీ, విపత్తు సహాయ గోదాముల్లోకీ చేరింది.

దీని గురించి మాటలన్నీ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంటాయి. ఏ కంపెనీది బాగుంటుంది? ఎన్నేళ్ళు నిల్వ ఉంటుంది? ఈ రెండూ అడగవలసినవే కానీ మొదట అడగవలసినవి కావు. ఆపద రోజున మన దగ్గర ఎంత నీరు ఉంటుంది, నిప్పు ఉంటుందా, ఆ ప్యాకెట్ అంతదాకా ఎంత వేడిలో పడి ఉంది, ఇంట్లో పిల్లలూ పెద్దలూ దాన్ని నిజంగా తింటారా? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే ఏది కొనాలో, ఏది ఇంట్లోనే చేసుకోవాలో తేలిపోతుంది. తుపాన్ల తీరంలోనూ గోదావరి, కృష్ణా గట్ల వెంటా బతికే తెలుగువాళ్ళకు ఈ లెక్క తెలిసి ఉండటం అవసరమని నా నమ్మకం.

సీసా నుంచి పౌచ్ దాకా

వండిన తిండిని నెలల తరబడి నిలవ ఉంచడం రెండు వందల ఏళ్ళ నాటి విద్య. ఫ్రాన్సులో మిఠాయిలు చేసే నికొలా అపేర్ గాజుసీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచి నిలవ చేసే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రెంచి ప్రభుత్వం 1810లో అతనికి 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. తిండి ఎందుకు పాడవుతోందో, వేడి చేస్తే ఎందుకు నిలుస్తోందో ఆనాటికి ఎవరికీ తెలియదు. పాశ్చర్ వచ్చి సూక్ష్మజీవుల సంగతి చెప్పడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

డబ్బా బరువు. సైనికుడు వీపున మోయాలి, మూత తీయడానికి ఓపెనర్ కావాలి, ఖాళీ అయ్యాక కూడా చోటు ఆక్రమిస్తుంది. అందుకే అమెరికా సైన్యపు నేటిక్ ప్రయోగశాల ప్యాకేజింగ్ కంపెనీలతో కలిసి 1960లు, 70లలో వంగే సంచీని తయారు చేసింది. బయట పాలియెస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలీప్రొపిలీన్. దీనికే రిటార్ట్ పౌచ్ అని పేరు. ఇంతలోనే జపాన్‌లో ఓత్సుకా కంపెనీ 1968లో ‘బాన్ కర్రీ’ని పౌచ్‌లో పెట్టి మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. 1980ల ఆరంభం నుంచి అమెరికా సైనికుల చేతుల్లో డబ్బాల స్థానంలో ఎంఆర్‌ఈ అనే పౌచ్ భోజనం కనిపించసాగింది.

మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు మైసూరు. 1950లో అక్కడ కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ మొదలైంది. 1961లో అదే ఊళ్ళో రక్షణ శాఖ తరఫున ఆహార పరిశోధన ప్రయోగశాల డీఎఫ్‌ఆర్‌ఎల్ వచ్చింది. ఎడారిలో, సియాచిన్ మంచులో, జలాంతర్గామిలో పనిచేసే సైనికుడు ఇంటి రుచిని తినగలగాలన్నది ఆ ప్రయోగశాల లక్ష్యం. పులావు, ఉప్మా, హల్వా, చెడిపోని చపాతీ అక్కడ రూపుదిద్దుకున్నాయి. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు వెంట ఉన్న మన వంటకాలు డీఎఫ్‌ఆర్‌ఎల్ చేసి ఇచ్చినవే. ఆ సాంకేతికతను తీసుకున్న కంపెనీల ద్వారానే పౌచ్ కూరలు బజారుకు వచ్చాయి. 1924లో బెంగళూరులో టిఫిన్ హోటల్‌గా మొదలైన ఎంటీఆర్ వాటిలో ముందు చెప్పుకోవలసిన పేరు. సైన్యం కోసం జరిగిన పరిశోధన ఇంత నేరుగా ఇళ్ళకు చేరిన సందర్భాలు మన దేశంలో అరుదు.

పౌచ్ లోపల ఏం జరుగుతుంది

పౌచ్ కూరలో ఏవో రసాయనాలు కలుపుతారని, లేకపోతే ఏడాదిపాటు ఎలా ఉంటుందని చాలామంది అనుమానం. నిలవ ఉంచేది రసాయనం కాదు, వేడి. కూరను పౌచ్‌లో నింపి, అతుకు వేసి, పెద్ద ప్రెషర్ పాత్రలో 121 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. ఆ అంకెకు కారణం ఉంది. క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా గాలి తగలని చోట పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేస్తుంది. దాని బీజాలు మరిగే నీళ్ళలో చావవు. పౌచ్ నడిమధ్యలో ఉన్న ముద్దకు కూడా 121 డిగ్రీల వేడి సుమారు 3 నిమిషాలు తగిలితేనే వాటి పీడ వదులుతుంది. సూక్ష్మజీవులు చచ్చాయి, కొత్తవి లోపలికి రావు. అందుకే కూర నిలుస్తుంది.

పులుపు ఎక్కువగా ఉన్నచోట ఈ బ్యాక్టీరియా పెరగలేదు. పీహెచ్ 4.6 కన్నా తక్కువగా ఉంటే చాలు. తేమ బాగా తగ్గినచోట కూడా పెరగలేదు. మన ఊరగాయలు, కారప్పొడులు, వడియాలు, అరిసెలు ఏ ఫ్రిజ్జూ లేకుండా నిలవ ఉండటం వెనక ఉన్నవి ఈ రెండు సూత్రాలే. పప్పు, కూర, అన్నం అలాంటివి కావు. పులుపు తక్కువ, తేమ ఎక్కువ.

ఇక్కడొక హెచ్చరిక చెప్పి తీరాలి. ఇంట్లో వండిన తడి కూరను వాక్యూమ్ యంత్రంతో గాలి తీసి ప్యాక్ చేస్తే అది రిటార్ట్ పౌచ్ అయిపోదు. గాలి లేని ఆ సంచీ బాట్యులినమ్‌కు అనువైన చోటు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపడానికి పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు అలా ప్యాక్ చేయించుకోవచ్చు. తడి కూరను మాత్రం ఫ్రిజ్ బయట అలా దాచకూడదు. కొన్న పౌచ్ అయినా సరే, ఉబ్బితే, అతుకు దగ్గర కారితే, మడత చోట పగిలితే వాసన కూడా చూడకుండా పారేయాలి.

మూడు రకాలు, మూడు లెక్కలు

ఈ తిండి అంతటినీ మూడు కుదుళ్ళుగా చూడవచ్చు. మొదటిది తడి తిండి, అంటే పౌచ్‌లోని పప్పు, కూర, పులావు. చింపి చల్లగానే తినవచ్చు, నీళ్ళు కలపనక్కరలేదు. దాని లోపం బరువు. అందులో ఎక్కువ భాగం నీరే కనుక 100 గ్రాములకు 100 నుంచి 150 కిలోకేలరీలకు మించి రావు.

రెండోది ఎండిన తిండి. వండిన భోజనాన్ని గడ్డకట్టించి, శూన్యంలో ఆ మంచును నేరుగా ఆవిరిగా మార్చి తీసేస్తే ఫ్రీజ్-డ్రైడ్ భోజనం వస్తుంది. తేమ దాదాపు అంతా పోతుంది, ఆకారం పోదు, రుచి చాలావరకు మిగులుతుంది. వియత్నాం యుద్ధకాలంలో దూరపు గస్తీకి వెళ్ళే అమెరికా సైనికులకు ఇచ్చిన ఈ తిండి తర్వాత పర్వతారోహకుల సంచుల్లోకి వచ్చింది. చాలా తేలిక. కానీ వేడినీళ్ళు కావాలి, అంటే నీరూ నిప్పూ రెండూ కావాలి. ధర కూడా ఎక్కువ. జపాన్‌లో విపత్తుల కోసం నిలవ చేసే ఆల్ఫా బియ్యం ఈ కోవలోదే. వండి ఆరబెట్టిన ఆ అన్నంలో వేడినీళ్ళు పోస్తే 15 నిమిషాల్లో, చన్నీళ్ళు పోస్తే గంటలో తినడానికి వస్తుంది.

మూడోది గట్టి తిండి. ప్రపంచ ఆహార కార్యక్రమం సహాయ శిబిరాల్లో పంచే బలవర్ధక బిస్కెట్ 100 గ్రాములకు 450 కిలోకేలరీలు ఇస్తుంది. ఓడల్లోని లైఫ్‌బోట్లలో మనిషికి కనీసం 10,000 కిలోజౌళ్ళ ఆహారం, 3 లీటర్ల మంచినీరు ఉండాలని అంతర్జాతీయ నియమం. అక్కడ పెట్టేదీ ఇలాంటి నొక్కిన బిస్కెట్లే. పోషకలోపంతో చిక్కిపోయిన పిల్లల కోసం 1990లలో ఫ్రాన్సులో తయారైన ‘ప్లంపీ నట్’ వేరుశనగ ముద్ద కూడా ఈ వరసలోదే. 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కిలోకేలరీలు, నీళ్ళు కలపకుండా వేలితో నాకించవచ్చు. కలుషిత నీరు బిడ్డ కడుపులోకి పోయే దారిని అది మూసేసింది.

ఈ మూడింటినీ ఒక ఇంటి లెక్కలో పెట్టి చూద్దాం. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు కావాలి. నలుగురికి మూడు రోజులకు 25,200. అదంతా పౌచ్ కూరలతోనే నింపాలంటే 20 కిలోలు, అంటే 300 గ్రాముల ప్యాకెట్లు అరవైకి పైగా కొనాలి. మధ్యతరగతి ఇంటికి అది తేలిక ఖర్చు కాదు. అదే అటుకులు, వేరుశనగలు, బెల్లం, చిక్కీ, జంతికలు, వేయించిన శనగలతో నింపితే సగటున 100 గ్రాములకు 400 వేసుకున్నా ఆరున్నర కిలోలు సరిపోతాయి. నీళ్ళ లెక్క వీటన్నిటికన్నా ముఖ్యం. తాగడానికే మనిషికి రోజుకు 3 లీటర్లు అనుకుంటే ఆ ఇంటికి 36 లీటర్లు కావాలి. పొడి తిండి, ఉప్పు ఎక్కువున్న తిండి ఆ అవసరాన్ని ఇంకా పెంచుతాయి. మూడు రోజుల తిండి పెట్టుకుని ఒక రోజు నీళ్ళు పెట్టుకున్న ఇల్లు ఒక్కరోజుకే సిద్ధమైనట్టు.

మన అటుకులకు ఉన్న విలువ

పై లెక్కలో అటుకులు ముందుకు వచ్చింది ఇంటి మమకారం వల్ల కాదు. వడ్లను నానబెట్టి, వేయించి, దంచినప్పుడు గింజలోని పిండిపదార్థం సగం ఉడికిపోతుంది. అందుకే చన్నీళ్ళు చల్లినా మెత్తబడి అరుగుతుంది. జపాన్ వాళ్ళు ఆల్ఫా బియ్యంతో సాధించిన పనిని మన ఊళ్ళు ఎప్పటినుంచో రోకళ్ళతో చేస్తున్నాయి. అస్సాంలోని బోకా సాల్ అనే వరి రకం ఇంకా ముందుకు వెళ్ళింది. ఆ బియ్యాన్ని చన్నీళ్ళలో నానబెడితే చాలు, అన్నం అవుతుంది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బిహార్ వాళ్ళ సత్తు, ఒడిశా వాళ్ళ చుడా-గుడ్, మన వేయించిన రాగిపిండి, సున్నుండల పిండి, పేలాలు, మరమరాలు అన్నీ నిప్పు లేని చోట తినదగినవే.

ఒడిశా ఈ విషయాన్ని ప్రభుత్వ విధానంలోకే తీసుకుంది. తుపాను హెచ్చరిక రాగానే అటుకులు, బెల్లం సిద్ధం చేసి బాధితులకు పంచడం అక్కడి సహాయ ఏర్పాట్లలో భాగం. 1999 అక్టోబరు చివరి పెనుతుపాను నేర్పిన పాఠాలతో ఆ రాష్ట్రం ఎంత మారిందో దేశమంతా చూసింది. మనకు మాత్రం వరద సహాయం అంటే ఇప్పటికీ ఎక్కువగా వండిన పొట్లమే.

ఆ పొట్లం వెనక ఎంతో శ్రమ, ఎంతో దయ ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు వేలమంది రాత్రింబగళ్ళు వండారు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో కూడా పొట్లాలు అందించారు. అయినా వండిన అన్నానికి ఒక స్వభావం ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికినా అవి చావవు. వేడి వేడి అన్నాన్ని పొట్లం కట్టి గుట్టగా పోసి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి, వాంతులు పట్టుకుంటాయి. తెల్లవారుజామున వండింది మధ్యాహ్నానికి పడవ ఎక్కి, సాయంత్రానికి మూడో వీధికి చేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చింతపండు పులుపు, నూనె ఉన్న పులిహోర కొంత నయం. మన పెద్దలు ప్రయాణాలకు దాన్నే ఎంచుకున్నారు. సాంబారన్నానికి, పెరుగన్నానికి ఆ ఓపిక లేదు.

రోడ్డు బాగున్న చోట, శిబిరంలో వంటశాల ఉన్న చోట వేడి భోజనాన్ని మించింది లేదు. పడవ మాత్రమే వెళ్ళే వీధికీ, 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు తెగిపోయిన పల్లెల వంటి చోట్లకూ, కోనసీమ లంకలకూ మొదటి రెండు రోజులు వెళ్ళవలసింది పొడి తిండీ, పౌచ్ తిండీ, మంచినీళ్ళూ. దీన్ని తేల్చుకోవడానికి మనకు కొత్త పరిశోధన అక్కర్లేదు. కేరళను 2018లో వరదలు ముంచినప్పుడు మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ తయారు చేసి పంపిన తిండి అలాంటిదే.

వేడి తగ్గించే ఆయుష్షు

ప్యాకెట్ మీద రాసిన గడువు ఒక షరతుకు లోబడి ఉంటుంది. అమెరికా సైన్యపు ఎంఆర్‌ఈ 27 డిగ్రీల వద్ద దాచితే మూడేళ్ళు, 38 డిగ్రీల వద్ద దాచితే ఆరు నెలలు నాణ్యంగా ఉంటుందని లెక్క. పదకొండు డిగ్రీల తేడా అంత పని చేస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల గది లోపల, అటక మీద, కారు డిక్కీలో ఉండే వేడి 38 కన్నా ఎంతో ఎక్కువ. చలిదేశంలో రాసిన గడువును నమ్మి అక్కడ దాచిన ప్యాకెట్ విషమైపోకపోవచ్చు. రంగు మారుతుంది, నూనె కమరువాసన వేస్తుంది, విటమిన్లు పోతాయి. ఆపద రోజున దాన్ని పిల్లవాడు ఉమ్మేస్తే దాచిన శ్రమంతా వృథా.

దీనికి మందు జపాన్ వాళ్ళు చెప్పారు. 1995లో కోబె, 2011లో తూర్పు తీరపు భూకంపం, సునామీ చూసిన ఆ దేశం కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి సరిపడా తిండీ నీళ్ళూ ఇంట్లో ఉంచుకోమని జనానికి చెబుతుంది. వాటిని పెట్టెలో పెట్టి మరిచిపోవద్దని కూడా చెబుతుంది. మామూలు రోజుల్లోనే తింటూ, తిన్నది మళ్ళీ కొని వెనక వరసలో పెట్టమంటుంది. ఈ పద్ధతిని వాళ్ళు రోలింగ్ స్టాక్ అంటారు. స్వీడన్ 2018లోనూ 2024లోనూ ఇంటింటికీ పుస్తకం పంపి సిద్ధంగా ఉండమంది, రెండోసారి వారం రోజుల లెక్క చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2025లో 72 గంటల నిలవ ఉంచుకోమని పౌరులను కోరింది. మనకు వంటింటి డబ్బాల్లో తిప్పుకునే అలవాటు ముందునుంచే ఉంది. దాన్ని లెక్క ప్రకారం చేయడమే మిగిలింది.

నిప్పు లేకుండా వేడి

వర్షంలో తడిసి వణుకుతున్న మనిషికి వేడి తిండి కేలరీలకు మించిన మేలు చేస్తుంది. అందుకే మంటలేని హీటర్ వచ్చింది. మెగ్నీషియం, ఇనుము కలిపిన పొడి సంచీలో కాస్త నీళ్ళు పోస్తే రసాయన చర్యతో పది పన్నెండు నిమిషాల్లో పౌచ్ వేడెక్కుతుంది. పొడి సున్నంలో నీళ్ళు పోసినప్పుడు పుట్టే వేడిని వాడేవి కూడా ఉన్నాయి. వెల్లలు వేసిన ఇంటివాళ్ళకు ఆ వేడి సంగతి తెలుసు, కళ్ళలో పడితే జరిగేదీ తెలుసు. మెగ్నీషియం హీటర్ హైడ్రోజన్ వాయువును వదులుతుంది కనుక మూసిన గుడారంలో, దీపం పక్కన వాడకూడదు. విమానాల్లో వీటిపై ఆంక్షలున్నాయి. హీటర్ లేకపోయినా నిప్పు దొరికితే, పౌచ్‌ను మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచడం అన్నిటికన్నా భద్రమైన దారి. ఆ నీళ్ళు పౌచ్ బయటే ఉంటాయి కనుక కూరను పాడుచేయవు. అయితే అల్యూమినియం రేకు ఉన్న పౌచ్‌ను మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

కొండ మీద లెక్క వేరు

క్యాంపింగ్‌కు వెళ్ళేవాళ్ళూ వరదలో చిక్కినవాళ్ళూ తినే ప్యాకెట్ ఒకటే కావచ్చు, అవసరాలు ఒకటి కావు. క్యాంపింగ్‌కు తేదీ మనమే పెట్టుకుంటాం, బరువు మనమే మోస్తాం, నీటి చెలమ ఎక్కడుందో ముందే కనుక్కుంటాం. అరకు, మారేడుమిల్లి, అనంతగిరి లాంటి చోట్ల ఒక రాత్రి గడపడానికి వెళ్ళేవాళ్ళకు పౌచ్ పులావు బరువు లెక్కలోకి రాదు. పైగా మేలు కూడా. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టం ప్రకారం నేరం. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ నల్లమలలో ఎన్ని ఎకరాలు కాలుస్తుందో అటవీ సిబ్బందికి తెలుసు. చింపి తినే భోజనం అడవికి కూడా రక్షణే.

వారం రోజుల హిమాలయ ట్రెక్‌కు మాత్రం బరువే అన్నిటినీ నిర్ణయిస్తుంది. అక్కడ ఎండిన తిండి గెలుస్తుంది. మంచు కరిగించి నీళ్ళు చేసుకోవచ్చు కానీ ప్రతి లీటరుకూ ఇంధనం మోయాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. 5,000 మీటర్ల దగ్గర 83, 84 డిగ్రీలకే. మామూలు గిన్నెలో కందిపప్పు అక్కడ ఓ పట్టాన ఉడకదు. ముందే ఉడికించి ఎండబెట్టిన తిండి అక్కడ పనికొచ్చేది ఈ కారణంగానే. ఎత్తులో ఆకలి కూడా చచ్చిపోతుంది. కొత్త రుచి అస్సలు సయించదు. సంచీలో ఒక చిన్న డబ్బా కందిపొడి, ఇంకో చిన్న సీసా నిమ్మకాయ ఊరగాయ ఉంటే బతికించేది అదే.

తినేసిన పౌచ్‌ను అక్కడే పారేయడం పెద్ద తప్పు. ప్లాస్టిక్కూ అల్యూమినియమూ పొరలుగా అతికిన ఆ సంచీ మట్టిలో కలవదు, తిరిగి కరిగించడం కష్టం, కాలిస్తే విషపు పొగ. మోసుకెళ్ళినవాళ్ళే మోసుకు రావాలి. ఇందులో మినహాయింపు ఉండకూడదు.

ఆకలికి రుచి తెలుసు

ఆకలి రుచి ఎరుగదని సామెత. సైన్యాల అనుభవం ఇందుకు ఒప్పుకోదు. రోజుల తరబడి ప్యాకెట్ తిండే పెడితే సైనికులు ఆకలితో ఉండి కూడా సగం వదిలేస్తారని, బరువు తగ్గిపోతారని అమెరికా సైన్యం గమనించింది. ఎంఆర్‌ఈ మాత్రమే తినిపించే కాలాన్ని 21 రోజులకు పరిమితం చేసుకుంది. అదే దేశం 1993లో బోస్నియా కోసం తయారు చేసిన సహాయ భోజనంలో మాంసం పెట్టలేదు. ఏ మతంవాడికైనా, ఏ ఆచారం ఉన్నవాడికైనా అభ్యంతరం ఉండకూడదన్నది ఉద్దేశం. రోజుకు 2,200 కిలోకేలరీల ఆ ప్యాకెట్లే 2001లో అఫ్ఘానిస్థాన్‌పై పసుపు రంగు కవర్లలో పడ్డాయి. అక్కడే పడిన, పేలకుండా మిగిలిన క్లస్టర్ బాంబుల రంగూ పసుపే. రంగు మార్చవలసి వచ్చింది. తినేవాడి ఊరు, కన్ను, నాలుక తెలియకుండా పంపిన తిండి ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంటి నిలవలో కూడా ఇదే సూత్రం. మధుమేహం ఉన్న నాన్నగారికి బెల్లం అటుకులు, బిస్కెట్లు మూడు రోజులు పెట్టలేం. వేయించిన శనగలు, వేరుశనగలు, పౌచ్ పప్పు, మందులు ఆయన పేరుతో విడిగా ఉండాలి. బీపీ ఉన్న అమ్మకు ఉప్పు ఎక్కువున్న పౌచ్ కూరలు, ఊరగాయలు రెండూ కలిపి పెట్టకూడదు. పళ్ళు లేని తాతయ్యకు జంతిక పనికిరాదు, నానిన అటుకులు పనికొస్తాయి. చంటిబిడ్డకు తల్లిపాలే ఆపద్ధర్మపు తిండి. నీరు నమ్మలేని రోజుల్లో డబ్బా పాలు కలపడం బిడ్డకు విరేచనాలు తెచ్చిపెడుతుంది. ఆ పాలిచ్చే తల్లికి ఇంట్లో అందరికన్నా ముందు తిండీ నీళ్ళూ అందాలి.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ మునిగింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది, పైపులు పగిలి నీళ్ళూ ఆగాయి. కరెంటు కుక్కర్, కరెంటు పొయ్యి ఉన్న ఇంట్లో 20 పౌండ్ల సోనామసూరి సంచీ ఆ రోజు అక్కరకు రాదు. అటుకులు, పౌచ్ పప్పు, మంచినీటి సీసాలు వస్తాయి.

చేయవలసింది

ఇంత చూశాక నా మాట ఇది. పౌచ్ భోజనం మంచి సాధనం, కానీ నిలవ అంతటికీ అదే పునాది కాకూడదు. ఇంటి మూడు రోజుల నిలవలో ఎక్కువ భాగం మనం రోజూ తినే పొడి తిండి ఉండాలి. రోజుకు ఒక్క పూటకు, తృప్తి కోసమూ పప్పుదినుసుల బలం కోసమూ పౌచ్‌లు ఉండాలి. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున నీళ్ళు మూతపెట్టి ఉండాలి. వీటిని అటక మీద కాక ఇంట్లో చల్లగా ఉండే గదిలో, వరద నీరు అందని ఎత్తులో పెట్టాలి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టే కాలాలు రెండు, వేసవి చివర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటింది. ఏప్రిల్‌లో ఒకసారి, దసరా సరుకులు కొనేటప్పుడు ఒకసారి పాతవి తినేసి కొత్తవి పెట్టుకుంటే ఏదీ వృథా కాదు.

ఇంటికి ఈ శక్తి లేనివాళ్ళు ఉన్నారు. రోజు కూలితో ఆ రోజు బియ్యం కొనుక్కునే కుటుంబాన్ని మూడు రోజుల తిండి దాచుకోమని చెప్పడం అన్యాయం. వాళ్ళ నిలవ బాధ్యత ప్రభుత్వానిది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసిన నాటికి హెచ్చరిక జనానికి సరిగా చేరలేదు. ఇవాళ మూడు నాలుగు రోజుల ముందే తుపాను దారి తెలుస్తోంది. ఆ మూడు రోజుల్లో లారీలు కదలాలంటే తిండి ముందే తయారై ఉండాలి. తీరంలోని తుపాను ఆశ్రయ భవనాల్లో, లంక గ్రామాల ఎత్తైన బడుల్లో అటుకులు, వేరుశనగ చిక్కీ, పౌచ్ పప్పన్నం, నీళ్ళు అక్టోబరు మొదటి వారానికే చేరాలి. వాడకుండా మిగిలినవి గడువు ముగియకముందే హాస్టళ్ళకూ అంగన్‌వాడీలకూ వెళ్ళి, వాటి స్థానంలో కొత్తవి రావాలి. చిక్కీలు, అటుకులు చేసే పని మహిళా సంఘాలకు ఇస్తే ఆ డబ్బు కూడా ఆ ఊళ్ళలోనే ఉంటుంది. పౌచ్ విద్య మైసూరులో ఉంది, అటుకుల విద్య మన ఊళ్ళలో ఉంది, తుపాను తేదీ వాతావరణ శాఖ చెబుతోంది. ఈ మూడింటినీ కలిపే ఒక శాశ్వతమైన ఏర్పాటు, దానికి ఏటా ఒక బడ్జెట్ పద్దు కావాలి. వచ్చే తుపానుకు ముందే అది మొదలు కావాలి.